గుమ్మం మీద ఆకు కట్ట

లాంగ్టన్, ఒంటారియో
1991 సెప్టెంబరు 22

పిరోష్కా,

"మేమంతా క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాం" అని ఉత్తరం మొదలుపెట్టాలని అమ్మ మనిద్దరికీ నేర్పింది. ఈసారి సగమే రాస్తున్నాను. నువ్వు క్షేమమని తలుస్తాను. మా సంగతి చదివాక నువ్వే తేల్చుకో.

నిన్న చివరి బ్యారన్‌లోంచి సెగకు ఆరిన పొగాకు దించాం. ఈ ఏడు రెండు బ్యారన్లకు అసలు నిప్పే పెట్టలేదు. సిగరెట్ల మీద పన్ను పెంచారు కదా, జనం కాల్చడం తగ్గించారట. కంపెనీలు ఆకు కొనడం తగ్గించాయట. చివరికి మేం పండించుకోవలసిన కోటా కోసేశారు. మీ బావ బాలింట్ చల్లగా ఉన్న బ్యారన్ తలుపు తీసి చూసి, మళ్ళీ వేసి, "ఒట్టావాలో ఒకడు కాయితం మీద గీత గీస్తే ఇక్కడ నా నిప్పు ఆరిపోయింది చూడు" అన్నాడు. పక్క పొలం బెల్జియంవాళ్ళు పొగాకు పీకేసి జిన్సెంగ్ దుంప వేశారు. మనం కూడా వేద్దామా అంటే మీ బావకు కోపం. "ముప్ఫయ్యేళ్ళు పొగాకుతో కాపురం చేశా. ఈ వయసులో దుంపతో రెండో పెళ్ళి నావల్ల కాదు" అంటాడు.

ఆకు కట్టే బల్ల దగ్గర ఈసారి నలుగురమే ఆడవాళ్ళం. నీ చోట్లో ఎవరూ నిలబడలేదు. చిన్నప్పుడు నువ్వు వేలాడదీసే కర్రకు ఆకు కడుతూ కథలు చెప్పి అందరి చేతులూ ఆపేసేదానివి. అమ్మ తిట్టేది.

చివరి కర్రలోంచి మంచి ఆకులు ఏరి, ఎర్ర నూలుతో కట్టి, పార్సెల్లో పంపుతున్నాను. నీ కొట్టు గుమ్మం మీద పాత కట్ట తీసి ఇది కట్టు. పాతది పొయ్యిలో వెయ్యి. బయట పారెయ్యకు. చివరి ఆకు గుమ్మాన ఉన్నంతకాలం ఆ గుమ్మం మూతపడదని అమ్మ ఊరికే అనలేదు.

నీ అక్క,
ఎటెల్కా

కార్న్‌వాల్
1991 నవంబరు 10

ఎటెల్కా అక్కా,

కట్ట అందింది. తలుపు గంట పక్కన మేకుకు కట్టాను. తలుపు తీసినప్పుడల్లా గంట మోగుతుంది, వెంటనే మన బ్యారన్ వాసన వస్తుంది. సరుకులు దింపడానికి వచ్చినవాడు "ఏంటండీ, కొట్లో తేనె ఒలికిందా?" అని అడిగాడు.

మీ నిప్పు ఆర్పిన ఆ గీతే నా కొట్టు గల్లాలో కూడా పడింది. ప్యాకెట్టు ధర చెబితే జనం నేనేదో మోసం చేస్తున్నట్టు చూస్తున్నారు. లాలోండ్ ముసలమ్మ ఇరవయ్యేళ్ళుగా నా దగ్గర రోజూ ఒక ప్యాకెట్టు, ఒక పాల డబ్బా, పిల్లికి ఒక చేపల డబ్బా కొనేది. ఇప్పుడు పాలూ చేపలే కొంటోంది. "మరి నీ సిగరెట్టు?" అంటే "పిల్లి మానలేదు కదమ్మా, నేను మానా" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక మంచి వార్త కూడా ఉంది, కోప్పడకు. మీ మరిది సిగరెట్లు మానేశాడు! నేను ఇరవయ్యేళ్ళు బతిమాలితే, డాక్టరు భయపెడితే, ఫాదర్ చెబితే మానని మనిషి, ధర చూసి మానేశాడు. "ఆ డబ్బు ప్రభుత్వానికి ఇవ్వడం కంటే ఊపిరి బిగపట్టుకుని కూర్చోవడం నయం" అంటాడు ఓవిలా. పొద్దున్నే దగ్గు తగ్గింది. మేడ మెట్లు ఒక్క విడతలో ఎక్కుతున్నాడు. పొగాకు పండించే ఇంటి ఆడపిల్లను అయ్యుండి ఈ పన్నుకు దణ్ణం పెట్టుకున్నాను అక్కా. నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

కాకపోతే ఇక్కడ ఇంకో వ్యాపారం మొదలైంది. ఆదివారం చర్చి ముందు రెజాన్ అనేవాడు కారు డిక్కీ తెరిచి పెట్టుకుని నిలబడుతున్నాడు. లోపల సిగరెట్ల పెట్టెలు. నా ధరలో సగానికే. పూజకు వెళ్ళేముందు కొందరు, వచ్చాక కొందరు.

పిరోష్కా

లాంగ్టన్
1992 జనవరి 30

పిరోష్కా,

వేలం అయిపోయింది. కూర్చుని చదువు!

వేలం హాల్లో పెద్ద గడియారం గుర్తుందా? ముల్లు పై ధర నుంచి కిందికి జారుతూ వస్తుంది, కొనేవాడు మీట నొక్కినచోట ఆగుతుంది. నాన్న ఆ ముల్లు కేసి చూడలేక కళ్ళు మూసుకునేవాడు, నువ్వు చెవిలో చెప్పేదానివి. ఈ ఏడు మన బేళ్ళకు ముల్లు జారనే లేదు. ఇలా కదిలిందో లేదో, టక్కున ఆగిపోయింది. మీ బావ నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు, ఇప్పటికీ నల్లగా కమిలి ఉంది.

అంతా ఎగుమతి సరుకట. ఇక్కడివాళ్ళు మానేస్తే ఏం, మీ ఊరి నది అవతల అమెరికాలో మన సిగరెట్లంటే ఎక్కడలేని గిరాకీ వచ్చిందట. ఎగుమతి మీద పన్ను లేదు. వచ్చే ఏడు కోటా పెంచుతారని అందరూ అంటున్నారు. చల్లారిన బ్యారన్లకు మళ్ళీ నిప్పు పెడతామని చెప్పి మీ బావ అప్పుడే పైకప్పు రేకులు మారుస్తున్నాడు. బ్యాంకువాడు మా ఇంటికి వచ్చి నా గసగసాల రొట్టె తిని, రెండో ముక్క అడిగాడు. నాలుగు నెలల కిందట అదే మనిషి కుర్చీలో కూడా సరిగ్గా కూర్చోలేదు.

అమెరికావాళ్ళ నోటి రుచికి నూరేళ్ళాయుష్షు!

ఎటెల్కా

కార్న్‌వాల్
1992 జూన్ 14

అక్కా,

నీ సంతోషం చూసి రెండుసార్లు జవాబు రాసి చింపేశాను. ఇది మూడోది. పోస్టు చేసేస్తాను.

అమెరికావాళ్ళకు మన సిగరెట్ల మీద మోజేమీ లేదు. వాళ్ళవి వాళ్ళకున్నాయి. మన సిగరెట్లు పన్ను లేకుండా లారీల్లో నది దాటి వెళ్తున్నాయి. అక్కణ్ణుంచి పడవల్లో పన్ను లేకుండానే తిరిగి వస్తున్నాయి. వేసవిలో పడవ, చలికాలం గడ్డకట్టిన నది మీద బండి. రెజాన్ డిక్కీలో ఉన్న పెట్టెలూ నా అరలో ఉన్న పెట్టెలూ ఒక్కటే. అవే పేర్లు, అదే మన నార్ఫోక్ పొలాల ఆకు. నా వాటి మీద పన్ను కట్టినట్టు గుర్తు ఉంటుంది, వాడి వాటి మీద ఉండదు. తేడా అంతే.

ఈ వీధిలో మిగతా కొట్లవాళ్ళు కూడా గల్లా కింద అవే పెట్టి అమ్ముతున్నారు. మొన్న ఓవిలా కూడా అదే పాట ఎత్తుకున్నాడు.

"అందరూ చేస్తుంటే నీకేంటి పిరో? నువ్వొక్కదానివీ కట్టే పన్నుతోటే నడుస్తోందా దేశం?"

"దొంగ సరుకు నా చేత్తో అమ్మను."

"నీ చేతులకేం, శుభ్రంగానే ఉంటాయి. గల్లా కూడా అంతే శుభ్రంగా ఉంటది."

మాటకారి. ఆ మాట అంటున్నప్పుడు అతని చొక్కా జేబులోంచి నాకు తెలిసిన వాసన వచ్చింది. జేబులో చెయ్యి పెట్టి తీశాను. గుర్తు లేని ప్యాకెట్టు. మళ్ళీ మొదలుపెట్టాడు అక్కా. ఖరీదైతే మానేశాడు, చౌకగా దొరికితే మళ్ళీ పట్టుకున్నాడు. పన్ను ఇచ్చిన ఊపిరిని నది పట్టుకుపోయింది. మెట్ల మధ్యలో మళ్ళీ ఆగుతున్నాడు.

సిగరెట్టు కోసం వచ్చేవాళ్ళే రొట్టే, పాలూ, పేపరూ కొనేవాళ్ళు. సిగరెట్టు రెజాన్ దగ్గర కొని, మిగతావి సూపర్ మార్కెట్లో కొంటున్నారు. కొట్టు పోతే మేడ మీద ఇల్లూ పోతుంది, రెండూ ఒకే తనఖా.

ఒక్క మాట అడుగుతాను. ఆ ఎగుమతి సంగతి బావకు తెలుసా?

పిరోష్కా

లాంగ్టన్
1992 అక్టోబరు 4

పిరోష్కా,

ఈసారి వానలు మంచి అదనులో పడ్డాయి. వడగళ్ళు పక్క ఊరి దాకా వచ్చి ఆగిపోయాయి. ఐదు బ్యారన్లూ ఆకుతో నిండాయి. మీ బావకు మోకాలి నొప్పి. ఆకు కోతకు క్యుబెక్ నుంచి పిల్లలొచ్చారు, తిండి మాత్రం అబ్బో, కుండలు కుండలు.

నువ్వు అడిగినదానికి: బేలు లారీ ఎక్కాక అది ఎటు పోతుందో రైతుకేం తెలుస్తుంది? పాలు పోసేవాడు ఆ పాలు పిల్లాడు తాగాడా పిల్లి తాగిందా అని వెంట వెళ్ళి చూస్తాడా? మేము పండించాం, తూకం వేశారు, డబ్బిచ్చారు. అంతకు మించి అడగడం మొదలుపెడితే ఈ చుట్టుపక్కల ఒక్క ఇంట్లోనూ అన్నం సహించదు. నీ కొట్టు కూడా ఇన్నేళ్ళు పొగాకు మీదే నిలబడింది. కాల్చినవాడి దగ్గు నువ్వెప్పుడైనా లెక్క పెట్టావా?

కోపంగా రాశాననుకోకు. ఈ ఏడు కట్ట పెద్దది కట్టాను. ఆకులు నిమ్మపండు రంగులో దిగాయి. అమ్మ చూసుంటే బల్ల మీద పరిచి ఊరందర్నీ పిలిచేది. గుమ్మం మీద కట్టుకో. నీ కష్టాల్లోంచి అదే గట్టెక్కిస్తుంది.

ఎటెల్కా

కార్న్‌వాల్
1993 ఏప్రిల్ 18

అక్కా,

ఈ ఏడు ఆకు కట్ట పంపకు. పోస్టులో వద్దు, ఎవరిచేతా వద్దు. ఇక ముందు కూడా వద్దు.

ఇక్కడ చలి తగ్గింది. ఓవిలా దగ్గు తగ్గలేదు.

పిరోష్కా

లాంగ్టన్
1993 మే 9

పిరోష్కా,

మూడు ముక్కల ఉత్తరం రాశావు. ఎందుకు వద్దో రాయడానికి నీకు సిరా చాలలేదా?

అమ్మ పోయిన ఏడు కూడా కట్ట ఆగలేదు. శవం ఇంట్లో ఉండగా నేను బల్ల దగ్గరికి వెళ్ళి కట్ట కట్టాను, నీకు పంపాను. నాన్న కాలు విరిగిన ఏడూ పంపాను. ఇవాళ మా ఆకు నీకు మైల పడిందా? మా గడియారం ముల్లు పైన ఆగిందనీ, నీ గల్లా కిందికి దిగిందనీ ఆ కక్ష అమ్మ కట్ట మీద తీర్చుకుంటున్నావు. అత్త మీద కోపం దుత్త మీద చూపించిందని ఇదివరకు సామెతలోనే విన్నాను.

సరే, నీకు కావలసింది అదే అయితే విను. మీ బావకు తెలుసు. నాకూ తెలుసు. వేలం హాల్లో ప్రతివాడికీ తెలుసు. కొనడానికి వచ్చినవాళ్ళే ఒకళ్ళ భుజం ఒకళ్ళు తట్టుకుని నవ్వుకుంటారు. అయితే ఏం చెయ్యమంటావు? నా ఆకు తిరిగివ్వండి, మా చెల్లెలికి కొట్టుంది అని లేచి అరవనా? ఆ ధర రాకపోతే బ్యాంకువాడు ఈపాటికి ఈ ఇంట్లో కాపురం పెట్టేవాడు. అప్పుడు నీకు నా మీద జాలి ఉండేది. ఇప్పుడు లేదు. అంతేగా?

కట్ట పంపుతాను. ఉంచుకుంటావో పారేస్తావో నీ ఇష్టం. పంపడం మాత్రం ఆపను.

ఎటెల్కా

కార్న్‌వాల్
1993 సెప్టెంబరు 29

అక్కా,

నీ పార్సెల్ నిన్న వచ్చింది. విప్పకముందే వాసనతో తెలిసింది. తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను. కొత్త కట్టను అలా కాల్చినందుకు అమ్మ క్షమించుగాక. ఇల్లంతా మన బ్యారన్ అయిపోయింది. పొయ్యి ముందు కూర్చుని, అమ్మ పోయినరోజు కూడా అంత ఏడవలేదు.

చెప్పకూడదనే అనుకున్నాను. చెప్పకపోతే నువ్వు ఏటా పంపుతూనే ఉంటావు. అందుకని చెబుతున్నాను.

మార్చిలో పన్ను అధికారులు ఈ వీధి కొట్లన్నీ సోదా చేశారు. సోదా ఉందని మిగతావాళ్ళకు ముందే ఎలాగో తెలిసింది. వాళ్ళ గల్లాల కింద ఆ రోజు బంగాళాదుంపలున్నాయి. నాకు ఎవరూ చెప్పలేదు. నా దగ్గర దాచడానికి ఏముందని చెబుతారు? వచ్చినతను కుర్రాడు, మర్యాదస్తుడు. అరలన్నీ చూశాడు, మేడ మీద మంచం కింద కూడా చూశాడు. ప్రతి పెట్టె మీదా గుర్తు ఉంది. "మీలాంటివాళ్ళు ఊరికి ఒక్కరైనా ఉండాలండీ" అన్నాడు. నేను పొంగిపోయాను. కాఫీ ఇచ్చాను. తాగి వెళ్ళిపోతూ తలుపు తీశాడు. గంట మోగింది, తలెత్తి చూశాడు.

"బాగుందే. ఏం పూలండీ ఇవి, ఎండబెట్టారా?"

పూలనుకున్నాడు అక్కా! అవునంటే అయిపోయేది. గల్లా వెనకనుంచి ఓవిలా కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. నాకు ఎక్కడ కనిపిస్తుంది? అమ్మ గురించి చెప్పడానికి నాకో మనిషి దొరికాడు.

"పూలేంటి బాబూ, పొగాకు. మా అమ్మావాళ్ళ వైపు ఆచారం. చివరి బ్యారన్ దిగాక మంచి ఆకులు ఏరి ఇలా కడతారు. ఈ రంగు చూడు, ఇలా దిగాలంటే నిప్పు ఎంత కనిపెట్టుకుని ఉండాలో తెలుసా?"

ఇంకా ఏమేం చెప్పానో. అతని మొహం మారడం చూసి ఆగాను.

"అమ్మా, సిగరెట్లుగా చెయ్యని ఆకు ఇంట్లో పెట్టుకోవడానికి లైసెన్సు ఉండాలి. మీకు ఉందా?"

"గుమ్మానికి కట్టుకునేదానికి లైసెన్సేంటి?"

"పన్ను కట్టని పొగాకే కదమ్మా ఇది." అతనికే ఇబ్బందిగా ఉంది. "ఎవరిచ్చారో చెప్పండి. రైతు ఆకు బయటికి ఇవ్వకూడదు. తప్పు వాళ్ళది. పేరు చెబితే మిమ్మల్ని హెచ్చరించి వదిలేస్తాం."

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నా నోరు అప్పటికే చెయ్యాల్సింది చేసేసింది. ఇక మూశాను. రోడ్డు పక్కన ఎవడో అమ్ముతుంటే కొన్నానన్నాను. ఎవడో తెలియదన్నాను. ఓవిలా ముందుకొచ్చి ఏదో చెప్పబోయాడు. "నువ్వు మెట్లెక్కు" అని కసిరాను. మళ్ళీ మళ్ళీ అడిగారు. మళ్ళీ మళ్ళీ అదే చెప్పాను. నీ పేరు బయటికొస్తే నీ కోటా పోతుంది, బ్యారన్లు పోతాయి. నాకు అంత మాత్రం తెలుసు.

కట్ట విప్పి కవర్లో పెట్టి తీసుకెళ్ళారు. ఎర్ర నూలు నేల మీద పడింది, అది ఇచ్చేయమంటే ఇచ్చేశాడు. జరిమానా వేశారు. పొగాకు అమ్మే లైసెన్సు తీసేశారు. ఈ వీధి మొత్తంలో దొంగ సరుకు అమ్మింది నేనొక్కదాన్నేనని ఇప్పుడు కాయితాల్లో ఉంది.

నువ్వు నాకు కక్ష అని రాశావు. ఆ ఉత్తరం ఓవిలాకు చూపించలేదు.

పిరోష్కా

లాంగ్టన్
1993 అక్టోబరు 8

చెల్లీ,

ఏం రాయను? నా చేతులతో కట్టిన కట్టే నీ గుమ్మానికి ఉరి వేసింది. పైగా ఆ మాటలు రాశాను. చింపెయ్యి, కాల్చెయ్యి ఆ ఉత్తరం.

పొద్దున్నే కోటు వేసుకున్నాను. వచ్చి, ఆ ఆఫీసుకు వెళ్ళి, కట్ట నాది, నేనే పంపాను అని చెబుదామని. మీ బావ గుమ్మంలో నిలబడ్డాడు. "చెప్పు. చెప్పిరా. అక్కడ ఆ కొట్టు పోయింది, ఇక్కడ ఈ పొలం పోద్ది. అప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే చెట్టు కింద కూర్చుని ఏడవొచ్చు" అన్నాడు. కోటు విప్పాను.

కానీ నువ్వు రమ్మను. ఒక్క మాట రాయి, వచ్చేస్తాను. ఆయన అడ్డం వచ్చినా ఆగను. నువ్వు రమ్మంటే చాలు.

ఎటెల్కా

కార్న్‌వాల్
1994 ఫిబ్రవరి 27

అక్కా,

రేడియోలో వినే ఉంటావు. పన్ను తగ్గించేశారు. రెజాన్‌లాంటివాళ్ళ వ్యాపారాన్ని పోలీసులు ఆపలేకపోయారని, ధర తగ్గించి ఆపుతున్నారు. ప్యాకెట్టు ఒక్కసారిగా సగానికి దిగింది. కొట్ల ముందు జనం బారులు తీరారు. లాలోండ్ ముసలమ్మ కూడా ఆ వరసలో నిలబడింది, చంకలో పిల్లి. మానిన మనిషి మళ్ళీ మొదలుపెట్టింది. బడిపిల్లలు కూడా కొనగలుగుతున్నారు. పెంచినప్పుడు పెంచినందుకు నష్టపోయాం, దించితే దించినందుకు ఊపిరితిత్తులు పోతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మా కొట్టు జనవరిలో మూసేశాం. పన్ను కట్టి అమ్మినన్నాళ్ళూ కొనేవాడు లేడు. ఇప్పుడు కొనేవాళ్ళున్నారు, అమ్మడానికి నాకు లైసెన్సు లేదు. బ్యాంకువాళ్ళు అమ్మకానికి పెట్టారు.

కొన్నదెవరో చెప్పనా? రెజాన్. డిక్కీ వ్యాపారం అయిపోయింది కదా, పద్ధతిగా కొట్టు పెట్టుకుంటాడట. వాడి మీద ఒక్క కేసూ లేదు, లైసెన్సు వెంటనే వచ్చింది. తాళాలు తీసుకోడానికి వచ్చినప్పుడు టోపీ తీశాడు. "గంట ఉంచెయ్యండి మేడమ్, జనానికి అలవాటు" అన్నాడు. ఉంచేశాను. అది విడిగా అమ్మితే ఏమొస్తుంది?

ఓవిలా, నేనూ స్టేషన్ వెనక ఒక గదిలో ఉంటున్నాం. సిగరెట్లు మా పాత కొట్లోనే కొనుక్కొస్తున్నాడు.

పిరోష్కా

లాంగ్టన్
1994 ఆగస్టు 3

పిరోష్కా,

నువ్వు రాసిన దానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయాను. ప్రతిసారీ కూర్చుంటాను, లేస్తాను.

నది వ్యాపారం ఆగేసరికి ఎగుమతీ ఆగిపోయింది. గడియారం ముల్లు మళ్ళీ జారడం మొదలుపెట్టింది. మీ బావ ఇప్పుడు నాన్నలాగే కళ్ళు మూసుకుంటున్నాడు. ఈ ఏడు మూడు బ్యారన్లే. కూలీలకు ఇవ్వడానికి లేదు, బల్ల దగ్గర నిలబడే ఆడవాళ్ళు దొరకడం లేదు.

ఎలా అడగాలో తెలియక ఇలా అడుగుతున్నాను. ఆకు కట్టడానికి వస్తావా? ఓవిలాను కూడా తీసుకురా, వెనక గది ఖాళీగానే ఉంది. నీ చోట ఇంతవరకూ ఎవరూ నిలబడలేదు. కోత అయ్యాక కూడా ఉండిపోవచ్చు. ఉండిపొమ్మనే నా కోరిక.

చివరి బ్యారన్ దిగాక ఈసారి కట్ట మనిద్దరం కలిసి కడదాం. పంపడానికి కాదు, మన గుమ్మానికే.

ఎటెల్కా

కార్న్‌వాల్
1994 ఆగస్టు 11

అక్కా,

వస్తాను. పద్దెనిమిదో తారీకు మధ్యాహ్నం బస్సుకు దిగుతాం. బావకు మోకాలు బాగుంటే సంచులు మొయ్యడానికి రమ్మను. ఓవిలా మొయ్యలేడు.

మిగతా ఆడవాళ్ళకు ఎంత కూలి ఇస్తావో నాకూ అంతే ఇవ్వు. చెల్లెలినని ఎక్కువ వద్దు, తిండి పెడుతున్నావని తక్కువ వద్దు. చివరి రోజు కట్ట మాత్రం నువ్వొక్కదానివే కట్టుకో. నీ కూలి తీసుకుంటాను గానీ ఆ కట్ట నేను ముట్టుకోను. ఎర్ర నూలు నా దగ్గరుంది, తెచ్చి ఇస్తాను.

ఒక సంగతి వచ్చేలోగా చెప్పేస్తే మంచిది. ఎదురుగా నిలబడి చెప్పలేను. కిందటి అక్టోబరులో నువ్వు "రమ్మంటే వస్తాను" అని రాశావు. నేను రమ్మనలేదు. నీ పొలం పోవాలని నేనెలా రాస్తాను? నువ్వు వచ్చినా నేను ఆ ఆఫీసు మెట్లు ఎక్కనిచ్చేదాన్ని కాదు, దారిలోనే ఆపేసేదాన్ని. అయినా కొట్టు మూసేదాకా, మూడు నెలలూ, గుమ్మం మీద గంట మోగినప్పుడల్లా నువ్వేనేమో అని తలెత్తి చూశాను.

పిరోష్కా